సొరుగు చప్పుడు - గని కార్మికుని నిద్ర

ఊరంతయు మేలుకొను వేళకు నిద్రపోవలసినవాడు రాత్రి షిఫ్టు గని కార్మికుడు. రామకృష్ణాపూర్, మందమర్రి, గోదావరిఖని ప్రాంతములలో నివసించువారికి ఈ సంగతి క్రొత్త కాదు. రాత్రియంతయు భూగర్భములో శ్రమించి, తెల్లవారిన పిమ్మట పైకి వచ్చి, స్నానము చేసి, ఇంత తిని అతడు పడక చేరునప్పటికి ఇంటిలో పగటి పనులు మొదలగును. పిల్లలు బడికి సిద్ధమగుచుందురు. దువ్వెన కొరకు ఒకరు, చొక్కా కొరకు ఒకరు, రిబ్బను కొరకు మరియొకరు అద్దపు బల్ల సొరుగును లాగుదురు. సొరుగు కిర్రుమనును, మూసినపుడు దభీమనును. పడకమీది మనిషి ఉలికిపడి కన్నులు తెరచును.

"సొరుగు చప్పుడు కూడ ఒక సమస్యయేనా?" అని పంచాయతి సభ్యులు కొందరు నవ్వవచ్చును. రోడ్లు, మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు మన ముందున్న పెద్ద పనులు, సందేహము లేదు. కాని పెద్ద పనులకు నిధులు కావలెను, మంజూరు కావలెను, కాలము కావలెను. ఈ పనికి కావలసినవి ఒక కొవ్వొత్తి ముక్క, ఒక ఉప్పుకాగితము, పాత గొంగడి ముక్క, ఒక పూట తీరిక. ఫలితము ఆనాడే తెలియును. కావున సభ్యులు ఈ పాఠమును తాము చదువుటయే కాక, గ్రామములోని గృహిణులకు, వడ్రంగులకు చదివి వినిపింపవలసినదిగా కోరుచున్నాము.

చిన్న చప్పుడు - పెద్ద నష్టము

ఇల్లందు వద్ద 1889లో బొగ్గు త్రవ్వకముతో మొదలైన సింగరేణి గనులు తరువాతి కాలమున గోదావరి లోయలో చాల దూరము విస్తరించినవి. 1920 డిసెంబరు 23న ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ నేడు రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వముల ఉమ్మడి సంస్థ. భూగర్భములో పగలు, రాత్రి అను భేదము లేదు. అచట ఎల్లప్పుడును దీపముల వెలుగే. పని మూడు షిఫ్టులుగా నడచును. కార్మికులు కొందరు కంపెనీ క్వార్టర్లలోను, కొందరు చుట్టుపట్ల గ్రామములలోను కాపురముందురు. అందుచే ఇది పట్టణమునకే గాక మన గ్రామములకును చెందిన విషయము.

1952 నాటి గనుల చట్టము భూగర్భ కార్మికునకు దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని ఉండరాదని కట్టడి చేసినది. వారమునకొక విశ్రాంతి దినమును విధించినది. ఆ విధముగా పని గంటలను చట్టము లెక్కించినది. నిద్ర గంటలను లెక్కింపవలసినవారు ఇంటివారే.

2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు నివాస ప్రాంతములకు పగలు 55 డెసిబెల్లు, రాత్రి 45 డెసిబెల్లు హద్దుగా నిర్ణయించినవి. ఆ నిబంధనల లెక్కలో రాత్రి యనగా రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు. రాత్రి షిఫ్టు వాని నిద్ర ఆ గడువు తీరిన పిమ్మటనే మొదలగును. చట్టము దృష్టిలో అది పగలు. అతనికి మాత్రము అది నడిరాత్రి. అట్టివాని నిద్రకు కావలసిన నిశ్శబ్దమును ఇంటివారు తామే ఏర్పరచుకొనవలెను. పడకగదిలో నిద్ర చెడకుండుటకు నిలకడగా ఉండు ధ్వని 30 డెసిబెల్లు, అప్పుడప్పుడు కలుగు చప్పుడు 45 డెసిబెల్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది. తలాపున నున్న సొరుగును విసురుగా మూసినచో ఆ హద్దు సులభముగా దాటును.

పగటి నిద్ర స్వభావము చేతనే పలుచనిది. శరీరములోని గడియారము వెలుగును బట్టి మేలుకొనుమని చెప్పుచుండగా మనిషి ప్రయత్నపూర్వకముగా కన్నులు మూయవలెను. అట్టి నిద్ర ఒకమారు చెడినచో మరల పట్టుట కష్టము.

గని కార్మికుని చెవికి మరియొక విశేషము కలదు. గనిలో చెవి కూడ ఒక పనిముట్టే. పైకప్పును కర్రతోగాని, ఇనుప కడ్డీతోగాని తట్టి వినుట గని పనిలో పాత అలవాటు. గట్టి కప్పు ఖంగుమనును. పొర విడిన కప్పు డొల్లగా పలుకును. కప్పునకు ఊతగా కొయ్య స్తంభములను విరివిగా వాడిన దినములలో, పైబరువు పెరిగినపుడు ఆ కొయ్య కిర్రుమని ముందుగా హెచ్చరించెడిది. కొయ్య చప్పుడు విని ప్రాణము కాపాడుకొను విద్య నేర్చిన చెవి, ఇంటిలో కొయ్య కిర్రుమన్నపుడు ఉలికిపడుట వింత కాదు. నిద్ర చాలని మనిషి మరుసటి షిఫ్టులో అట్టి హెచ్చరికను గమనింపలేకపోవచ్చును. సొరుగు చప్పుడును తేలికగా తీసికొనరాదనుటకు కారణమిదియే.

చప్పుడు ఎట్లు పుట్టును?

కందెన లేని బండి ఇరుసు కిర్రుమనుట రైతు ఎరిగినదే. సొరుగు సంగతియు అంతే. సొరుగు ప్రక్క చెక్కల క్రింది అంచులు, వానిని మోయు పట్టీలమీద రాపాడును. పొడి కొయ్యలు రెండు ఒరసికొనునపుడు సొరుగు ఒక్కతీరున జారదు. ఒక క్షణము పట్టుకొనును, మరుక్షణము జారును, వెంటనే మరల పట్టుకొనును. ఈ పట్టు విడుపులు అతి వేగముగా జరుగుటచే చెక్క కంపించి కిర్రుమను ధ్వని వెలువడును. నిలిచియున్న వస్తువును కదలించుటకు కావలసిన బలము, కదలుచున్న వస్తువును కదలుచునే ఉంచుటకు కావలసిన బలము కంటె సామాన్యముగా ఎక్కువ. రాపిడిని గూర్చి ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు కూలుంబు 1785లో ప్రకటించిన పరిశోధనలలో ఈ భేదమును చూడవచ్చును. అంతకు పూర్వమే, 1699లో, అమాంటన్ అను మరియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బరువు పెరిగిన కొలది రాపిడి పెరుగునని చూపెను. నిండ కుక్కిన సొరుగు ఎక్కువగా మొరాయించుట ఇందుచేతనే.

రెండవ కారణము తేమ. కొయ్య వానాకాలమున గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. ఎండాకాలమున ఆరి కుంచించుకొనును. ఈ మార్పు కొయ్య నారకు అడ్డముగా జరుగును. నార పొడవున మార్పు నామమాత్రము. మన అడవుల టేకు ఇట్టి మార్పులు తక్కువగా గల కొయ్యగా పేరొందినది. అయినను పచ్చి టేకు పూర్తిగా ఆరునప్పటికి, కోత దిక్కును బట్టి, వెడల్పున సుమారు 2 నుండి 6 శాతము వరకు తగ్గును. ఆరిన టేకు చెక్క కూడ 15 సెంటీమీటర్ల వెడల్పునకు ఋతువును బట్టి ఒక మిల్లీమీటరు వరకు మారవచ్చును. సొరుగునకు, చట్రమునకు మధ్య ఉండు సందు కూడ ఇంచుమించు అంతే కదా! "రోహిణి కార్తెలో రోళ్లు పగులును" అని మన పెద్దలందురు. ఆ ఎండలకు వదులై గలగలలాడిన సొరుగే శ్రావణ భాద్రపదములలో బిగిసి లాగినను రాదు.

మూడవది అడుగు పలక. సొరుగు అడుగున ఉండు పలుచని పలక డప్పు చర్మమువలె పనిచేయును. దానిమీద తాళపుచెవి కదలినను, గాజు దొర్లినను ఆ చిన్న ధ్వని పెద్దదై వినబడును.

నాలుగవది మన ప్రాంతమునకు ప్రత్యేకమైన బొగ్గు ధూళి. బొగ్గు లారీలు తిరుగు బాటల ప్రక్క ఇండ్లలో ఎంత తుడిచినను నల్లని పొడి మరల పేరుకొనును. అది ఇసుకతో కలిసి పట్టీలమీద చేరి ఉప్పుకాగితమువలె చెక్కను అరగదీయును. బొగ్గులో ప్రధాన పదార్థము కర్బనమే. పెన్సిలులోని గ్రాఫైటు కూడ కర్బనమే. కాని గ్రాఫైటు పొరలు ఒకదానిపై ఒకటి తేలికగా జారును కావున అది కందెనగా పనికివచ్చును. బొగ్గు ధూళిలో రాతిపొడియు, బూడిదనిచ్చు ఖనిజములును కలిసియుండును; అది రాపిడిని పెంచునే గాని తగ్గింపదు.

చెవితో పరీక్ష

మరమ్మతునకు ముందు రోగమును గుర్తింపవలెను. ఇంటిలో నిద్రించువారు లేని వేళ చూచి, సొరుగును నిండుగా ఉన్నపుడు కొన్నిమార్లు, ఖాళీ చేసి కొన్నిమార్లు నెమ్మదిగా లాగి మూసి వినవలెను. ముఖ్యముగా నాలుగు విధముల చప్పుళ్లు వినబడును.

కిర్రుమన్నచో పొడి రాపిడి. దీనికి మైనము చాలును.

గరగరమన్నచో ధూళి, ఇసుక చేరినవని అర్థము. శుభ్రపరచక మైనము పూసినచో ప్రయోజనము లేదు.

గలగలమన్నచో లోపలి వస్తువులుగాని, పిడిగాని, అడుగు పలకగాని వదులుగా ఉన్నవి. ఖాళీ చేసిన తరువాత కూడ ఆ ధ్వని వచ్చినచో వస్తువుల దోషము కాదు.

దభీమన్నచో కొయ్యకు కొయ్య తగులుచున్నది. అచట మెత్తని అడ్డు కావలెను.

ఇవి గాక, సొరుగు ఒక మూల పట్టుకొని వంకరగా వచ్చుచున్నచో ముందుగా నేలను పరీక్షింపవలెను. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచో బల్ల చట్రము మెలి తిరిగి సొరుగును నొక్కును. రసమట్టముతో చూచి, ఎత్తు తక్కువైన కాలి క్రింద పలుచని చెక్కముక్క నుంచినచో పలుమారులు దానితోనే దోషము తీరును.

మరమ్మతు క్రమము

1. సొరుగును ఖాళీ చేసి పూర్తిగా బయటకు తీయవలెను. సొరుగులు ఒకటికంటె ఎక్కువ ఉన్నచో వెనుక వైపున సుద్దతో వరుస సంఖ్య వేయవలెను. ఒకచోట అరిగిన సొరుగు మరియొకచోట సరిగా కుదరదు.

2. పట్టీలను, సొరుగు అంచులను పొడి కుంచెతో దులిపి, నీరు గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నీడలో బాగుగా ఆరనీయవలెను. తడి కొయ్యమీద మైనము నిలువదు.

3. పట్టీలమీద తెల్ల సుద్ద రుద్ది, సొరుగును పెట్టి రెండు మూడు మార్లు లాగవలెను. సొరుగుమీద ఎచట సుద్ద అంటుకొన్నదో అచటనే రాపిడి కలదు. నున్నగా మెరయుచున్న చోట్లు కూడ అట్టివే.

4. ఆ చోట్ల మాత్రమే సన్నని ఉప్పుకాగితముతో నార వెంబడి తేలికగా రుద్దవలెను. ఉప్పుకాగితమును చిన్న చెక్కముక్కకు చుట్టి రుద్దినచో అంచు గుండ్రబడదు. పొడిని మరల దులుపవలెను.

5. తరువాత కొవ్వొత్తి ముక్కనుగాని, తేనెమైనపు ముద్దనుగాని పట్టీలమీదను, సొరుగు క్రింది అంచులమీదను గట్టిగా రుద్దవలెను. కరగించి పోయవలసిన పని లేదు. పలుచని పూత చాలును. సొరుగును పదిమార్లు లోనికి బయటకు జరిపినచో మైనము కొయ్యలో సర్దుకొనును. మైనము చేతికి లేనపుడు మెత్తని పెన్సిలు ముల్లును రుద్దవచ్చును. కాని అది బట్టలకు అంటకుండ చూడవలెను. పొడి సబ్బును కొందరు వాడుదురు. అది తేమను పీల్చును కావున మైనమే మేలు.

6. సొరుగు మూల జోడింపులు వదులైనచో పాత జిగురును గీకి, వడ్రంగి జిగురు పూసి, త్రాడుతో బిగించి ఒక రాత్రి ఉంచవలెను. బిగించునపుడు ఎదురెదురు మూలల దూరమును దారముతో రెండు విధములను కొలువవలెను. రెండు కొలతలును సమానముగా ఉన్నచో సొరుగు చదరముగా నిలిచినదని తెలియును.

7. సొరుగు లోనికి పోయి ఆగు చోట పాత గొంగడి నుండి చిన్న ముక్కలు కత్తిరించి రెండు వైపుల అంటింపవలెను. గొర్రె ఉన్ని దెబ్బను మెత్తగా తీసికొనును. గొంగడి లేనిచో సైకిలు ట్యూబు ముక్కలు వాడవచ్చును. ముక్కలు రెండు వైపులను ఒకే మందము గలవి కావలెను. లేనిచో సొరుగు వంకరగా మూతపడును.

8. పిడి గలగలలాడినచో మరమేకును బిగించి, పిడికిని చెక్కకును నడుమ గుడ్డముక్క నుంచవలెను. మరమేకు రంధ్రము పెద్దదైనచో జిగురులో ముంచిన అగ్గిపుల్లను అందులో దించి, ఆరిన పిమ్మట మరల బిగింపవలెను.

9. అడుగున పాత నూలు గుడ్డను మడత పరచవలెను. గాజులు, తాళపుచెవులు, సీసాలు వేరువేరు అట్టపెట్టెలలో ఉంచినచో దొర్లవు. బరువైన వస్తువులను క్రింది సొరుగులో ఉంచుట మంచిది.

10. నున్నగా జారు సొరుగు పూర్తిగా ఊడి పిల్లల కాళ్లమీద పడు ప్రమాదము కలదు. వెనుక వైపున అడ్డు చెక్క తప్పక ఉండవలెను. సొరుగులన్నియు ఒక్కమారు తెరచినచో ఎత్తైన బల్ల ముందునకు ఒరగవచ్చును; దానిని గోడకు బిగించి ఉంచుట క్షేమము.

ఇనుప బీరువాలు, చానెల్ సొరుగులు

నేడు చాల ఇండ్లలో ఇనుప బీరువాలు, ప్లైవుడ్డు బల్లలు వచ్చినవి. ఇనుప రేకు సొరుగునకు రాపిడికంటె మ్రోత ఎక్కువ. లోపల మందపు గుడ్డ పరచి, మూతపడు చోట రబ్బరు ముక్కలంటించినచో మ్రోత చాలవరకు తగ్గును. గుండ్లమీద జారు చానెల్ సొరుగులలో ధూళియే ప్రధాన శత్రువు. చానెలును పొడి గుడ్డతో శుభ్రముగా తుడిచి, కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు మాత్రమే వేసి, పైకి వచ్చిన నూనెను తుడిచివేయవలెను. నూనె ఎక్కువైనచో ధూళి అంటుకొని ముద్దయగును. చెక్కపొట్టును అదిమి చేసిన పలకలకు నీరు తగులనీయరాదు. అవి ఉబ్బినచో మరల యథాస్థితికి రావు.

చేయరాని పనులు

కొయ్య పట్టీలకు ఆముదము, వంటనూనె, పాత యంత్రపు నూనె పూయరాదు. బండి ఇరుసునకు మేలు చేయునది సొరుగునకు మేలు చేయదు. నూనె బొగ్గు ధూళిని పట్టి నల్లని జిగురుగా మారును, బట్టలకు మరకలగును. కిరోసిను వాడుట నిప్పు ప్రమాదమునకు దారితీయును.

వానాకాలమున బిగిసిన సొరుగునకు వెంటనే చిత్రిక పట్టరాదు. ఈ వ్యాసకర్త స్వానుభవమున నేర్చిన పాఠమిది. ఒక శ్రావణమాసమున మా ఇంటి సొరుగు కదలకపోగా తొందరపడి ప్రక్క చెక్కను చిత్రిక పట్టితిని. ఆనాడు చక్కగా జారినది. వేసవి వచ్చుసరికి చెక్క ఆరి, వ్రేలు దూరునంత సందు ఏర్పడి, నడచినంతనే గలగలలాడసాగినది. తీసిన కొయ్యను తిరిగి అంటింపలేము కదా! చివరకు పలుచని పట్టీ అతికింపవలసి వచ్చినది. వానలలో మైనముతో సరిపెట్టుకొని, గాలి పొడిబారిన తరువాతను సొరుగు బిగువుగానే ఉన్నచో అప్పుడు మాత్రమే చిత్రిక పట్టవలెను. క్రొత్త సొరుగు చేయించువారు కూడ, అది వేసవిలో చేసినదైనచో వానల ఉబ్బునకు తగిన సందు విడువుమని వడ్రంగితో ముందుగా చెప్పవలెను.

ఇంటి అలవాట్లు

సొరుగు బాగుపడినంత మాత్రమున పని ముగియలేదు. రాత్రి షిఫ్టు ఉన్న వారమున పిల్లల బట్టలు, దువ్వెన, పుస్తకములు ముందునాటి రాత్రియే వేరొక గదిలో సర్దియుంచవలెను. ఒకే గది గల ఇంటిలో గంపలోగాని, సంచిలోగాని పెట్టి వాకిటి దగ్గర ఉంచవచ్చును. వీలున్నచో అద్దపు బల్లను పడక ప్రక్క గోడనుండి తొలగించి ఎదుటి గోడకు చేర్చవలెను. సొరుగును ఒక చేతితో నెట్టక, రెండు చేతులతో నెమ్మదిగా మూయుట పిల్లలకు నేర్పవలెను. "నాయన నిద్రపోవుచున్నాడు" అని కసరుటకంటె, ఆయన రాత్రియంతయు ఏమి పని చేసి వచ్చెనో చెప్పినచో పిల్లలు తామే మెల్లగా మూయుదురు.

పంచాయతి చేయదగినది

వానలు వెనుదిరిగి గాలి పొడిబారిన తరువాత ఒక ఆదివారము గ్రామ వడ్రంగిని పిలిచి, పంచాయతి కార్యాలయములో ఒక పూట ప్రదర్శన ఏర్పాటు చేయవచ్చును. కార్యాలయపు బల్ల సొరుగు, పాఠశాల, అంగన్‌వాడీ అలమారులు ఇందుకు తగిన వస్తువులు. చూచినవారు ఇంటికి పోయి తామే చేసికొందురు. వడ్రంగికి ఆ పూట కూలిని చెల్లింపవలెను. విద్యను ఉచితముగా అడుగుట న్యాయము కాదు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో వడ్రంగము ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, తక్కువ వడ్డీకి అప్పు ఆ పథకములోని ముఖ్యాంశములు. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామములలో పంచాయతి స్థాయిలోనే జరుగునట్లు ఏర్పాటు కలదు. అర్హుడైన వడ్రంగి దరఖాస్తు ఆలస్యము కాకుండ చూచుట సభ్యుల బాధ్యత.

రాత్రి షిఫ్టు కార్మికులు ఎక్కువగా ఉన్న వీధులలో ఉదయము వేళ మైకు ప్రకటనలు తగ్గించుటను గూర్చి కూడ సభ్యులు ఆలోచింపవలెను. ఇంటిలో సొరుగు మూగవోయినను వీధిలో మైకు మ్రోగినచో ఫలితమేమి?

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో రాత్రి షిఫ్టునకు పోవు కార్మికులు ఎందరు? ఏ వీధులలో ఎక్కువగా ఉన్నారు?

2. వారి పగటి నిద్రకు భంగము కలిగించు చప్పుళ్లలో ఇంటివి ఏవి, వీధివి ఏవి? వీనిలో ఖర్చు లేకుండ మాన్పదగినవి ఏవి?

3. గ్రామములో పనిచేయు వడ్రంగులు ఎందరు? వారిలో విశ్వకర్మ పథకమునకు దరఖాస్తు చేసికొన్నవారు ఎందరు?

4. పంచాయతి కార్యాలయములోని సొరుగు తెరచినపుడు చప్పుడగుచున్నదా?

నాలుగవ ప్రశ్నకు "అవును" అని సమాధానము వచ్చినచో, ప్రదర్శనను ఆ సొరుగుతోనే ఆరంభింపవచ్చును.